పెద్దల సభలో ఒక రోజు: హైదరాబాద్‌లో కూర్చుని రాజ్యసభను అనుసరించే పద్ధతి

రాజ్యసభలో ఈ రోజు ఏం జరిగిందని ఎవరినైనా అడిగితే, సాయంత్రం వార్తల్లో చూసిన రెండు నిమిషాల రభసనే చెబుతారు. ఆ రభస నిజంగానే జరిగి ఉంటుంది. అయితే అదే రోజు మంత్రిత్వ శాఖల నుంచి 175 దాకా ప్రశ్నలకు లిఖితపూర్వక సమాధానాలు ఆ సభకు వచ్చి ఉంటాయి, నివేదికలు కట్టలుగా సభ ముందుకు చేరి ఉంటాయి, ఎవరో ఒక సభ్యుడు తన జిల్లాలోని రైల్వే వంతెన గురించి మూడు నిమిషాలు మాట్లాడి ఉంటాడు. వీటిలో చాలావరకు తెర మీదికి రావు, వచ్చినా మన చెవిన పడేలోపే దాటిపోతాయి. చిక్కడపల్లి గ్రంథాలయంలో పోటీ పరీక్షలకు చదువుకునే పిల్లలకు ఈ సభను అనుసరించడం నేర్పేటప్పుడు నేను ముందుగా చెప్పే మాట ఒక్కటే: మొదట కాగితం చదవండి, తరువాతే తెర చూడండి. ఏ వేళకు ఏ కాగితం చదవాలో, అందులో ఎక్కడ ఆగాలో ఈ వ్యాసంలో వివరిస్తాను. కావలసిన సరంజామా పెద్దగా లేదు. సంసద్ డాట్ ఇన్ అనే పార్లమెంటు వెబ్‌సైటు తెరుచుకునే ఫోను, సంసద్ టీవీ ప్రసారం, ఒక నోటు పుస్తకం ఉంటే చాలు.

అంతకు ముందు ఒక చిన్న తికమక తీర్చుకోవాలి. మన పత్రికలు రాజ్యసభనూ, రాష్ట్ర శాసన మండలినీ కూడా పెద్దల సభ అనే రాస్తాయి. నాంపల్లిలో పబ్లిక్ గార్డెన్స్ మీదుగా రోజూ తిరిగేవారికి ఆ మాట వినగానే మండలే మనసులో మెదలడంలో వింత లేదు. తెలంగాణ శాసన మండలిలో 40 స్థానాలుండగా, రాజ్యసభలో తెలంగాణకు ఉన్నవి 7, ఆంధ్రప్రదేశ్‌కు ఉన్నవి 11. ఉమ్మడి రాష్ట్రానికి ఉన్న 18 స్థానాలే ఇలా విడిపోయాయి. అప్పటికి పదవిలో ఉన్న సభ్యుల్లో ఎవరు ఏ రాష్ట్రానికి చెందుతారో లాటరీ తీసి తేల్చారు కాబట్టి, ఆంధ్ర ప్రాంతపు నాయకులు కొందరు కొంతకాలం తెలంగాణ సభ్యులుగా లెక్కకు వచ్చారు. పాత ప్రసంగాలు చదివేటప్పుడు సభ్యుడి పేరు పక్కన ఉన్న రాష్ట్రాన్ని చూసి ఆశ్చర్యపోకుండా ఉండటానికి ఈ సంగతి గుర్తుంచుకోవాలి. సభ ప్రస్తుత బలం 245. అందులో 233 మంది ఎన్నికైనవారు, 12 మంది రాష్ట్రపతి నామినేట్ చేసినవారు. మన సి. నారాయణరెడ్డి 1997లో ఈ రెండో దారిలోనే సభలో అడుగుపెట్టారు. ఉపరాష్ట్రపతి హోదారీత్యా సభకు ఛైర్మన్‌గా ఉంటారు.

ముందురోజు సాయంత్రం

అనుసరించే పని సభ మొదలయ్యాక కాకుండా ముందురోజు సాయంత్రమే మొదలవుతుంది. వెబ్‌సైటులో రాజ్యసభ విభాగంలోకి వెళ్లి మరునాటి కార్యక్రమ జాబితాను, అంటే లిస్ట్ ఆఫ్ బిజినెస్‌ను తెరవండి. పైనుంచి చదువుతూ పోతే పత్రాల సమర్పణ పేరుతో మంత్రుల పేర్లే పేజీల కొద్దీ వస్తాయి, కొత్తవారు అక్కడే విసుగెత్తి మూసేస్తారు. అందుకే ఈ జాబితాను కింది నుంచి పైకి చదవమని నా సలహా. చట్టసభగా ఆ రోజు చేయబోయే అసలు పని, అంటే బిల్లుల పరిశీలన, స్వల్పకాలిక చర్చ వంటివి చివరి భాగంలో ఉంటాయి. అక్కడ ఏ బిల్లు ఉందో, దాన్ని ఏ మంత్రి ప్రతిపాదిస్తారో రాసుకోండి. ఆ బిల్లుకు సభా కార్యకలాపాల సలహా సంఘం ఎన్ని గంటలు కేటాయించిందో, సభా సచివాలయం వెలువరించే బులెటిన్ రెండో భాగంలో దొరుకుతుంది. ఆ గంటలను పార్టీల బలాన్ని బట్టి పంచుతారు కాబట్టి, చిన్న పార్టీ సభ్యుడు మూడు నాలుగు నిమిషాలకే ముగించవలసి రావడం చూసి ఛైర్మన్ పక్షపాతం చూపారని అప్పుడే తీర్మానించకండి. ఉదయం జాబితాను మరొకసారి తెరవడం మంచిది, ఎందుకంటే రాత్రికి రాత్రి సవరించిన జాబితాయో, అనుబంధ జాబితాయో వెలువడటం మామూలే.

ప్రశ్నల జాబితాలు వేరుగా ఉంటాయి. మంత్రిత్వ శాఖలను ఐదు గుంపులుగా విడదీసి ఒక్కో గుంపుకు వారంలో ఒక్కో రోజు కేటాయిస్తారు. మీకు రైల్వే మీద ఆసక్తి ఉంటే రైల్వే శాఖ వంతు ఏ రోజో ఒకసారి గమనించుకుంటే ఆ సమావేశాలు ముగిసేదాకా అదే లెక్క సాగుతుంది. సభ్యులు పదిహేను రోజుల ముందే నోటీసు ఇవ్వాలి కాబట్టి, నిన్న జరిగిన ప్రమాదం మీద ఈ రోజు ప్రశ్నోత్తరాల్లో ప్రశ్న ఎందుకు లేదని వెతకడం వృథా. దాన్ని జీరో అవర్‌లో, అంటే సభ్యులు అత్యవసర ప్రజా విషయాలను లేవనెత్తే వేళలో వెతకాలి.

ఉదయం 11 నుంచి మధ్యాహ్నం 1 వరకు

సభ 11 గంటలకు మొదలవుతుంది. ఎవరైనా మాజీ సభ్యులు మరణించి ఉంటే ముందుగా సంతాపం ప్రకటిస్తారు. ఆ వెంటనే పత్రాల సమర్పణ జరుగుతుంది. మంత్రి లేచి, తన పేరు మీద జాబితాలో ఉన్న పత్రాలను సభ ముందుంచుతున్నానని ఒక వాక్యం పలికి కూర్చుంటాడు. అర నిమిషం కూడా పట్టని ఈ తంతును చాలామంది అర్థం లేని లాంఛనంగా చూస్తారు. నా అభిప్రాయంలో రోజు మొత్తంలో హైదరాబాద్ పాఠకుడికి ఎక్కువ పనికివచ్చే ఘట్టాల్లో ఇది ఒకటి. కంచన్‌బాగ్‌లోని మిశ్ర ధాతు నిగమ్ కానీ, భారత్ డైనమిక్స్ కానీ ప్రభుత్వ రంగ సంస్థలు కాబట్టి వాటి వార్షిక నివేదికలు పార్లమెంటు ముందుకు రావలసిందే. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం లెక్కలూ అంతే. ప్రభుత్వ లెక్కలను తనిఖీ చేసే కాగ్ నివేదికలు కూడా ఈ దారినే వెలుగు చూస్తాయి. నివేదిక గడువు దాటి వచ్చినప్పుడు ఆలస్యానికి కారణాలు తెలిపే ప్రకటనను కూడా దానితో జతచేయాలి. ఒక సంస్థ లోపల వ్యవహారం ఎలా నడుస్తోందో తెలుసుకోవాలంటే లాభనష్టాల పట్టిక కంటే ముందు ఆ ఒక్క పేజీ చదవమని చెబుతాను.

ఆ తరువాత 267వ నిబంధన పేరు తరచుగా వినిపిస్తుంది. ఆ రోజు జాబితాలోని పనికి సంబంధించిన నిబంధనను పక్కన పెట్టి ఫలానా అత్యవసర విషయం చర్చించాలని సభ్యులు ఇచ్చే నోటీసులివి. ఎన్ని వచ్చాయో ఛైర్మన్ చెప్పి, సాధారణంగా అనుమతించడం లేదని ప్రకటిస్తారు. వార్తల్లో మనం చూసే నినాదాలు, ప్లకార్డులు, ఛైర్మన్ స్థానం ముందుండే ఖాళీ స్థలమైన వెల్‌లోకి దూసుకురావడం ఎక్కువగా ఈ ప్రకటనకు కొనసాగింపే. నోటు పుస్తకంలో విషయం ఏమిటో ఒక్క ముక్క రాసుకుని ముందుకు సాగండి.

జీరో అవర్‌లో ఒక్కో సభ్యుడికి మూడు నిమిషాలు ఇస్తారు, గడువు తీరగానే మైకు దానంతటదే ఆగిపోతుంది. చాలామంది మంచి ప్రసంగాన్ని చివరి వాక్యం దగ్గర పోగొట్టుకునేది ఇందుకే. ఒకరు మాట్లాడాక ఇతర సభ్యులు తామూ ఏకీభవిస్తున్నామని పేర్లు ఇస్తారు. ఆ పేర్లు రికార్డులోకి ఎక్కుతాయి. ఒక తెలంగాణ సభ్యుడు లేవనెత్తిన విషయానికి ఏ ఏ రాష్ట్రాల, ఏ ఏ పార్టీల సభ్యులు పేర్లు కలిపారో చూస్తే, పార్టీ గోడలకు అవతల ఆ విషయానికి ఎంత మద్దతు ఉందో తెలుస్తుంది. జీరో అవర్‌లో వంతు దొరకని విషయాలు కొన్ని ప్రత్యేక ప్రస్తావనలుగా వస్తాయి. వాటి పాఠం 250 పదాలకు మించకూడదు.

ప్రశ్నోత్తరాల సమయం మధ్యాహ్నం 12 గంటలకు మొదలవుతుంది. లోక్‌సభలో ఇది ఉదయం 11 గంటలకే ఉంటుంది కాబట్టి రెండు సభలనూ చూసేవారు ఒక గంట అటు, ఒక గంట ఇటు మార్చుకోవచ్చు. రాజ్యసభలోనూ పూర్వం 11 గంటలకే ఉండేది. ఉదయపు గందరగోళంలో ప్రశ్నలు కొట్టుకుపోతున్నాయని 2014 శీతాకాల సమావేశాల నుంచి హమీద్ అన్సారీ ఛైర్మన్‌గా ఉన్నప్పుడు దీన్ని మధ్యాహ్నానికి జరిపారు.

నక్షత్ర గుర్తు ఉన్న ప్రశ్నలు రోజుకు 15. వీటికి మంత్రి సభలో నోటితో జవాబు చెబుతాడు. అయితే మీరు తెర చూస్తే ఆయన లేచి, సమాధానాన్ని సభ ముందుంచానని మాత్రమే అంటాడు. వెంటనే ప్రశ్న వేసిన సభ్యుడు అనుబంధ ప్రశ్న మొదలుపెడతాడు. ముందుగా అసలు ప్రశ్నైనా చదివి ఉండకపోతే వారిద్దరూ దేని గురించి మాట్లాడుకుంటున్నారో బోధపడదు. గంటలో అన్ని ప్రశ్నలూ పూర్తికావడం అరుదు. వంతు రానివాటికి కూడా రాతలో జవాబు ఉంటుంది కాబట్టి, సభ వాయిదా పడి ప్రశ్నోత్తరాలు జరగకపోయినా సమాధానాలు ఎక్కడికీ పోవు.

నక్షత్ర గుర్తు లేని ప్రశ్నలు రోజుకు 160. వీటి గురించి సభలో ఒక్క మాట కూడా వినబడదు, కానీ రోజు మొత్తంలో నేను ఎక్కువ సమయం వెచ్చించేది వీటి మీదే. ప్రశ్నోత్తరాల సమయం ముగిశాక వెబ్‌సైటులో ప్రశ్నల విభాగం తెరిచి, శాఖ పేరుతో కానీ, సభ్యుడి పేరుతో కానీ వెతకండి. శీర్షికలో తెలంగాణ అని ఉన్న ప్రశ్నలతోనే ఆగిపోవద్దు. దేశమంతటికీ సంబంధించిన ప్రశ్నకు ఇచ్చిన జవాబు చివర అనుబంధంగా రాష్ట్రాలవారీ పట్టిక ఉంటుంది, ఎవరో బిహార్ సభ్యుడు అడిగిన దానిలో మన రాష్ట్రపు అంకెలు దొరుకుతాయి. జవాబు భాషను కూడా జాగ్రత్తగా చదవాలి. ప్రశ్న నాలుగు భాగాలుగా ఉంటే జవాబులో నాలుగూ కలిపి ఒకే పేరాగా ఇచ్చారంటే, ఏ భాగానికి సూటి జవాబు లేదో మీరే వేరు చేసుకోవాలి. అది రాష్ట్ర ప్రభుత్వ పరిధిలోని అంశమన్న వాక్యంతో మొదలైతే కేంద్రం దగ్గర అంకెలు ఉన్నాయా లేవా అన్నది చివరిదాకా చూసి కానీ తేల్చకూడదు. సమాచారం సేకరిస్తున్నామని, సభ ముందుంచుతామని ఉంటే దాన్ని ఎర్ర సిరాతో రాసుకోండి. అది హామీ కింద లెక్క. మూడు నెలల్లో నెరవేర్చాలి, నెరవేరిందా లేదా అని చూడటానికి ప్రభుత్వ హామీల కమిటీ ఒకటి ఉంది.

మధ్యాహ్నం 2 తరువాత

భోజన విరామం తరువాత బిల్లుల వంతు. మంత్రి బిల్లును పరిశీలనకు తీసుకోవాలని ప్రతిపాదిస్తాడు, సభ్యులు మాట్లాడతారు, మంత్రి జవాబిస్తాడు. అక్కడి నుంచి పని చాలా వేగంగా నడుస్తుంది. బిల్లును పరిశీలనకు తీసుకునే తీర్మానంపై ఓటు, ఒక్కో క్లాజు, అంటే బిల్లులోని ఒక్కో అంశం మీద సవరణలు, ఆ సవరణలపై ఓటు, క్లాజులు బిల్లులో భాగమవుతాయని ఓటు, చివర మొదటి క్లాజు, శీర్షిక, ఆ పైన బిల్లును ఆమోదించాలనే తీర్మానం. ఇవన్నీ పది నిమిషాల్లో ముగిసిన రోజులు కోకొల్లలు. ఒకసారి నేను ప్రతిపక్ష సభ్యుడి సవరణ వీగిపోయిన ఓటింగును చూసి, బిల్లే వీగిపోయిందనుకుని మరునాడు పిల్లలకు అలాగే చెప్పి, వారిలో ఒకడు పత్రిక చూపించేదాకా పొరపాటు తెలుసుకోలేకపోయాను. అప్పటి నుంచి ఛైర్మన్ ఓటుకు పెట్టేది దేన్ని అన్నది చెవితో కాకుండా, ముందుగా రాసుకున్న వరుసతో సరిచూసుకుంటున్నాను.

మామూలు బిల్లులకు మూజువాణి ఓటు, అంటే నోటితో అవును, కాదు అని చెప్పడం సరిపోతుంది. ఎవరైనా డివిజన్, అంటే ఓట్ల లెక్కింపు కోరితే గంట మోగుతుంది, లాబీల తలుపులు మూస్తారు, సభ్యులు తమ స్థానాల్లోని మీటలు నొక్కి ఓటు వేస్తారు. రాజ్యాంగ సవరణకు డివిజన్ తప్పదు, ఎందుకంటే సభ మొత్తం సభ్యుల్లో సగానికి పైగా, హాజరై ఓటేసినవారిలో మూడింట రెండు వంతుల మంది అనుకూలంగా ఉన్నారని లెక్క తేలాలి. కొత్త భవనంలోకి మారిన మూడో రోజున, 2023 సెప్టెంబర్ 21న, మహిళా రిజర్వేషన్ బిల్లుకు 214 ఓట్లు అనుకూలంగా, సున్నా వ్యతిరేకంగా పడ్డాయి. పన్నులు, ప్రభుత్వ ఖర్చుల వంటి వాటికే పరిమితమైన ద్రవ్య బిల్లు సంగతి వేరు. దాన్ని తిరస్కరించే అధికారం రాజ్యసభకు లేదు, 14 రోజుల్లో తిప్పి పంపాలి. అందుకే ఆ రోజు ఛైర్మన్ నోట బిల్లును ఆమోదించడం అనే మాట బదులు తిరిగి పంపడం అనే మాట వినిపిస్తుంది. శుక్రవారం మధ్యాహ్నం రెండున్నర గంటలు ప్రైవేటు సభ్యుల, అంటే మంత్రులు కాని సభ్యుల బిల్లులకో, తీర్మానాలకో దక్కుతాయి. అలాంటి బిల్లు రెండు సభల్లోనూ నెగ్గి చట్టమైనది చివరిసారి 1970లో. అయినా విప్‌ల, అంటే పార్టీ ఆదేశాల బరువు తక్కువగా ఉండే ఆ వేళలో చర్చ నాణ్యత మిగతా వారం కంటే మెరుగ్గా ఉంటుందని నాకు అనిపిస్తుంది. సాయంత్రమయ్యేసరికి బెంచీలు పలచబడతాయి. పదో వంతు, అంటే 25 మంది లేకపోతే కోరం, అంటే సభ నడవడానికి కావలసిన కనీస హాజరు లేనట్టే.

ఇక భాష గురించి. బజారులో దక్కనీ మాటలు వింటూ పెరిగిన హైదరాబాదీకి సభలోని హిందీ తేలికే అన్న ధీమా ఉంటుంది. చిక్కు ఏమిటంటే అక్కడి హిందీ సంస్కృతం నిండిన హిందీ, ఆ సంస్కృత పదాలేమో తెలుగులో వేరే అర్థంతో స్థిరపడినవి. విధేయక్ అంటే బిల్లు, విధేయతతో దానికి సంబంధం లేదు. సంశోధన్ అంటే సవరణ. మనకు సంశోధన అంటే పరిశోధన. ప్రస్తావ్ అంటే ప్రతిపాదన లేదా తీర్మానం. ఊరికే ప్రస్తావించడం కాదు. తారాంకిత్ అంటే నక్షత్ర గుర్తు ఉన్నది, అతారాంకిత్ అంటే లేనిది, స్థగిత్ అంటే వాయిదా పడింది. సభ్యులు తెలుగులోనూ మాట్లాడవచ్చు, దానికి ఏకకాల అనువాదం ఉంటుంది. వెంకయ్యనాయుడు ఛైర్మన్‌గా ఉన్నప్పుడు 2018లో రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని 22 భాషలకూ ఆ ఏర్పాటు పూర్తయింది.

సభ ముగిశాక

రాత్రికి మొదటి భాగం బులెటిన్ చదవండి. ఏ పని జరిగింది, ఏ సవరణ వీగిపోయింది, సభ ఎన్ని గంటలకు వాయిదా పడింది అన్నవి వ్యాఖ్యానం లేకుండా అందులో ఉంటాయి. మాటకు మాట కావాలంటే చర్చల పూర్తి పాఠం తెరవాలి. మొదట వచ్చేది సరిదిద్దని ప్రతి కాబట్టి, దాన్ని ఉటంకించేటప్పుడు ఆ సంగతి చెప్పాలి. ఛైర్మన్ తొలగించిన మాటలు అందులో కనిపించవు, వాటిని వీడియోలో విని రాసుకుని ప్రచారం చేయడం తగదు. తేదీ విషయంలోనూ ఒక మెలిక ఉంది. వక్ఫ్ సవరణ బిల్లు రాజ్యసభలో 128–95 ఓట్లతో నెగ్గింది 2025 ఏప్రిల్ 4 తెల్లవారకముందు. కానీ ఆ సమావేశం మొదలైంది 3న, కాబట్టి వెతకవలసింది 3వ తేదీ పత్రాల్లో.

ఈ పద్ధతిని పాత రోజు మీద సాధన చేయదలచుకుంటే మనకు 2014 ఫిబ్రవరి 20 కంటే తగిన రోజు లేదు. ఆంధ్రప్రదేశ్ పునర్వ్యవస్థీకరణ బిల్లును లోక్‌సభ 18న ఆమోదించగా, రాజ్యసభ 20న మూజువాణి ఓటుతో ఆమోదించింది. ముందు బులెటిన్ చదివి, ఆ తరువాత చర్చల పాఠంలోకి వెళ్లండి. అప్పుడు ప్రతిపక్ష స్థానంలో నిలబడి మాట్లాడిన వెంకయ్యనాయుడే 2017లో ఆ సభకు ఛైర్మన్ అయ్యారు. ఆ రోజు ప్రధాని మన్మోహన్ సింగ్ చేసిన ప్రకటనలో, కొత్త ఆంధ్రప్రదేశ్‌కు అయిదేళ్ల పాటు ప్రత్యేక హోదా ఇస్తామన్న వాక్యం ఉంది. ఇప్పుడు చట్టం ప్రతిని పక్కన పెట్టుకుని చూడండి. హైదరాబాద్ పదేళ్లకు మించకుండా ఉమ్మడి రాజధానిగా ఉంటుందన్నది అయిదో సెక్షన్‌లో ఉంది, అది 2024 జూన్ 2తో తీరిపోయింది. ప్రత్యేక హోదా మాత్రం చట్టంలో ఏ సెక్షన్‌లోనూ లేదు, సభలో పలికిన ప్రకటనలోనే ఉంది. హోదా చట్టంలో ఉందా లేదా అని ఏళ్ల తరబడి సాగిన వాదనలో రెండు పక్షాలవారూ వేర్వేరు కాగితాలను చేతపట్టుకుని మాట్లాడారని, ఈ రెండూ ఒకచోట పరచుకున్నప్పుడు స్పష్టమవుతుంది.

నోటు పుస్తకంలో ఒక్కో సమావేశ దినానికి ఒక పేజీ కేటాయించి, ఎడమవైపు జాబితాలో ఉన్నదీ, కుడివైపు బులెటిన్ ప్రకారం జరిగిందీ రాయండి. ఎర్ర సిరాతో రాసిన హామీల పక్కన మూడు నెలల తరువాతి తేదీ వేసుకుని, ఆ తేదీ వచ్చినప్పుడు పత్రాల సమర్పణ జాబితాను పై నుంచి కిందికి, ఈసారి ఒక్క పేరూ వదలకుండా చదవండి.